నీళ్లిచ్చిన ఇల్లు

వేములపల్లిలో బస్సు దిగితే చాలు, నానిన వడ్ల పులిసిన వాసన ముక్కుకు కొడుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల వాసన అది. మిర్యాలగూడ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు అదసలు వాసనే కాదు. మాది నడిగూడెం, నాకింకా అలవాటు కాలేదు. ఖాళీ సీసాల సంచి భుజాన వేసుకుని ఆ వాసనలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ సైదులు సార్ గుర్తొస్తారు. గుర్తు రాకపోతే బాగుండునని ఈ మధ్య చాలాసార్లు అనుకున్నాను.

ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రంలో మాకు నీటి పరీక్షలు నేర్పింది ఆయనే. కోదాడ దగ్గర చిలుకూరు మనిషి. తల నెరిసినా ఇంకా కాంట్రాక్టు లెక్చరరే. క్లాసులో ఉన్నదే ఆరుగురం, అదీ కెమిస్ట్రీలో సీటు దొరక్క వచ్చి చేరినవాళ్లం. నేనూ అంతే, అబద్ధమెందుకు? ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా మమ్మల్ని ఏరి కోరి తెచ్చుకున్నట్టే చూసుకునేవారు. ఆయనకో పట్టింపు ఉండేది. ఏ ఇంటి నీళ్లు పట్టుకొచ్చామో ఆ ఇంటికి మళ్లీ వెళ్లి, పరీక్షలో ఏం తేలిందో నోటితో చెప్పి రావాలి. అప్పుడే రికార్డులో సంతకం. తోటి లెక్చరర్లు నవ్వేవారు. "అడగ్గానే నీళ్లు పట్టిచ్చినోళ్లమ్మా వాళ్లు. ఏముందో చెప్పకపోతే అది దొంగతనం అవుద్ది" అనేవారు సార్.

నా ప్రాజెక్టు కోసం మా కాలేజీ పక్క పల్లెలో మంగమ్మ అనే ముసలామె బోరు నీళ్లు తెచ్చాను. ఫ్లోరైడ్ తాగకూడనంత ఉంది. పరీక్షలు దగ్గర పడ్డాయి, ఫోన్‌లో చెప్పేస్తానన్నాను. సార్ ఒప్పుకోలేదు. నాతోపాటు మిట్టమధ్యాహ్నం ఎండలో బయలుదేరి వచ్చారు. నేను చెప్పింది విని మంగమ్మ బోరు వైపు చూసింది.

"మరి ఇగ ఏం తాగాలె?" అంది.

"నల్లా నీళ్లు వచ్చిన రోజు పట్టి పెట్టుకో అమ్మా. రాని రోజు సంగతి నాకూ తెల్వదు" అన్నారు సార్.

"తెల్వనోడివి ఎందుకొచ్చినవయ్యా? ఇన్నొద్దులు నిమ్మళంగ తాగుతుంటి. ఇప్పుడు బుక్క బుక్కకు బుగులు వెడితివి గదా!"

ఆమె తిట్టినంతసేపూ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. తిరిగొస్తుంటే, అనవసరంగా వచ్చాం సార్ అన్నాను ఏడుపు గొంతుతో. "తిట్టనీయమ్మా. తెలిసింది కాబట్టే తిట్టింది" అన్నారు.

మా తర్వాత రెండేళ్లకు సీట్లు నిండక కోర్సు మూసేశారు. సార్ సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరారు. అక్కడ పర్యావరణం అంటే చివరి గంటలో చెప్పే పేపరు. గైడు చదివితే పాసు, క్లాసుకు ఎవరూ రారు. నాకు నీటి పరీక్షలు చేసే ఒక ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం దొరికింది. వేములపల్లిలో ఒక మిల్లు చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు మేం పరీక్షిస్తాం, రిపోర్టు డబ్బు కట్టే ఆ మిల్లుకే ఇస్తాం. చేరిన మొదటి వారమే మా మేనేజరు తేల్చేశాడు. "ఊర్ల నోరిప్పితే ఉద్యోగం ఖతం. జర యాదుంచుకో." నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. నోరు మూసుకున్నాను.

ఒకరోజు సూర్యాపేట బస్టాండులో సార్ కనిపించారు. బాగా చిక్కిపోయారు. ల్యాబులో చేస్తున్నానంటే ఆయన మొహం వెలిగిపోయింది.

"నీళ్లిచ్చినోళ్లకు చెబుతున్నావా మరి?"

"చెప్తున్న సార్. ప్రతి ఇంటికీ పోయి చెప్తున్న."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! "చాలమ్మా. నా చదువు ఒక్కరికన్నా పనికొచ్చింది" అంటూ నా తల మీద చెయ్యి పెట్టారు. నాలుగు నెలలకే పోయారు. ఆ మాట నిజమనే నమ్మి పోయారు. ఛీ, నా బతుకు.

నిన్న మళ్లీ ఆ మిల్లు వెనక వీధికి వెళ్లాను. యాదమ్మ అనే ఆమె ఇంట్లో నిరుడు కూడా నేనే నీళ్లు పట్టాను. అందులో తేలిన ఫ్లోరైడ్ అంకె నాకు నోటికొచ్చు. మంగమ్మ బోరు కంటే ఎక్కువ.

"నిరుడు పట్టుకపోతివి గదా, మా నీళ్లు మంచిగనే ఉన్నయా?" అని అడిగింది.

"రిపోర్టు ఆఫీసుల ఉంటదక్కా" అన్నాను.

"మంచిగ లేకుంటే చెప్పకపోదువా!" అని తనే నవ్వింది. ఎండన పడి వచ్చానని లోపలికి వెళ్లి, అదే బోరు నీళ్లు చెంబు నిండా తెచ్చి నా చేతికిచ్చింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఆమె చూస్తుండగా చెంబెత్తి మొత్తం తాగాను. "ఇంకిన్ని తేనా?" అంది. చాలక్కా అని చెంబు చేతికిచ్చి, సీసాకు మూత బిగించి పక్కింటికి నడిచాను.