హలసూరు ఇంట్లో మూడు వేటకుక్కలు

పక్కవాటాలో కొత్తగా దిగినవాళ్ళు ఒక కుక్కను పెంచుతున్నారు. రోజూ పొద్దున దానికోసం రాగిపిండిలో ఎముకలు వేసి ఉడకబెడతారు. ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా లోపలికి వస్తుంది. ముందు అడుగంటబోతున్న సంకటి వాసన, దాని వెనకాలే మూలుగ కరిగిన జిడ్డు వాసన. నాతో ఉంటున్న మా చెల్లెలి కూతురు కిటికీ మూసేస్తుంది. ఆమె అటు వెళ్ళగానే నేను మళ్ళీ తీస్తాను. ఆ వాసన తగిలితే చాలు, బెంగుళూరు హలసూరులో మామ ఇంటి పెరట్లో, మూడు రాళ్ళ పొయ్యి ముందు, కళ్ళలో పొగతో కూర్చుని ఉంటాను. కొత్తకోడలిగా ఆ ఇంట్లో నాకు అప్పగించిన మొదటి పని కుక్కలకు వండిపెట్టడం.

మా మామ చెంగల్రాయ నాయుడికి దండులో, అంటే దొరల పటాలం ఉండే కంటోన్మెంటులో, తుపాకుల దుకాణం ఉండేది. వేట తుపాకులు బాగుచేసేవాడు, తూటాలు అమ్మేవాడు. దానితోపాటు వేటకుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాడు. ఆయన భార్య నేను రాకముందే పోయింది. మనిషి పొడగరి, మాట తక్కువ. ఏళ్ళ తరబడి తుపాకీ మోతలు విని ఎడమచెవి పోయింది కాబట్టి ఆయనతో ఏదన్నా చెప్పాలంటే కుడిపక్కకు వెళ్ళి చెప్పాలి. నన్ను అమ్మణ్ణీ అని పిలిచేవాడు. నేను మామా అనేదాన్ని. యుద్ధం అప్పటికే మొదలైంది, కానీ అది ఎక్కడో దొరల సీమలో జరుగుతున్న సంగతిలాగే ఉండేది.

నాకు కుక్కలంటే భయం. వచ్చిన మర్నాడు నేను పెరటి గడప దాటకుండా నిలబడిపోతే మామ చూసి, పీట వేసుకుని అక్కడే కూర్చున్నాడు. "భయపడేది తప్పు కాదు అమ్మణ్ణీ. మూడింటినీ ఒకటే అనుకోవద్దు. ఒక్కోదానికి ఒక్కో గుణం ఉండాది. అది తెలిస్తే భయం దానంతట అదే పోతుంది" అన్నాడు. తరువాత మనుషులను పరిచయం చేసినట్టు ఒక్కొక్కదాన్నీ చూపించాడు.

ముధోళ్ జాతి కుక్క పేరు గాలి. ఇసుకరంగు ఒళ్ళు, పిడికిట్లో పట్టేంత నడుము, పొడుగాటి మూతి. తెలియనివాళ్ళు చూస్తే తిండిపెట్టక మాడ్చారని అనుకుంటారు. అది ముక్కును నమ్ముకునే కుక్క కాదు, కంటితో వేటాడుతుంది. మైదానంలో కుందేలు కదలడం చూస్తే ఇక దానికి పిలుపు వినబడదు. ఒక్క మనిషినే తనవాడు అనుకుంటుంది, మిగతావాళ్ళు తాకబోతే తల పక్కకు తిప్పుకుంటుంది. దాని మనిషి నా భర్త బాలకృష్ణ. స్పానియల్ పేరు చిట్టి. నేలకు జీరాడే చెవులు, తేనెరంగు బొచ్చు. అందరూ దానికి చుట్టాలే. చెరువులో పడ్డ బాతును జమ్ములోంచి ఈదుకుంటూ తెచ్చిస్తుంది, ఈక కూడా నలగదు. మూడోది పాయింటరు. తెల్లటి ఒంటిమీద ముదురు గోధుమ మచ్చలు. ఊరు వదిలివెళ్ళిన దొర ఒకాయన ఇచ్చిపోయాడట. ఆయన పెట్టిన పేరు బెల్లా. మా ఇంట్లో అది బెల్లం అయింది.

బెల్లం గుణం ఏమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు. రాగి కోతలు అయ్యాక కుందలహళ్ళి పొలాల్లో చూశాను. అప్పట్లో అక్కడ కనుచూపు మేర రాగి మోళ్ళు, మధ్య మధ్య కలబంద గట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. కౌజుపిట్టల వేటకు మామ, మా ఆయన వెళుతూ నన్నూ జట్కాలో తీసుకువెళ్ళారు. కోడలిని వేటకు తీసుకుపోవడం ఏమిటని చుట్టాలు నవ్వుకున్నారని తరువాత విన్నాను. బెల్లం గాలికి ముక్కు ఎత్తి పొలానికి అడ్డంగా అటూ ఇటూ తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ముందుకాలు ఒకటి పైకెత్తి, తోక నిటారుగా చాచి, బొమ్మలా నిలిచిపోయింది. నాకు అక్కడ మోళ్ళు తప్ప ఏమీ కనబడలేదు.

"అది పోయి పట్టదా మామా?" అని అడిగాను.

"పట్టదు, తరమదు. ఇక్కడ ఉండాదని మనకు చెప్తుంది. మనం వచ్చేదాకా అట్లే నిలబడుకోనుంటుంది. లేనిచోట ఉండాదని చెప్పదు. దాని పని అంతే. ఆ అంత పని చేసేది శానా కష్టం."

మా ఆయనకు అంత ఓపిక లేదు. ఆయన అప్పటికే ముందుకు ఉరికాడు, పిట్టలు గుంపుగా లేచిపోయాయి. తుపాకీ ఎక్కుపెట్టే వ్యవధి కూడా దొరకలేదు. నడుంమీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నవ్వాడు. మామ కూడా నవ్వాడు. "నా కొడుకు గాలి జాతి. కంటికి కనిపిస్తే నిలబడలేడు" అన్నాడు. ఆ ఇద్దరూ కలిసి నవ్వగా నేను చూసిన రోజుల్లో అదొకటి. అలాంటివి ఎక్కువ లేవు.

మరుసటి ఏడు మా ఆయన సైన్యంలో చేరాడు. తుపాకులు బాగుచేసే పని తెలిసినవాడు కాబట్టి వెంటనే తీసుకున్నారు. మామ వద్దనలేదు. స్టేషనుకు వెళ్ళే రోజు మాత్రం గాలిని గొలుసుతో కట్టివేయించాడు. లేకపోతే అది రైలు వెంట పరుగెడుతుంది అన్నాడు. ఓడలో సింగపూరు తీసుకుపోయారని తెలిసింది. కొన్నాళ్ళకు సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయిందని ఊరంతా చెప్పుకున్నారు. మా ఆయన కనిపించకుండా పోయినవాళ్ళలో ఉన్నాడని కబురు వచ్చింది. అంతే. బతికి ఉన్నాడని లేదు, పోయాడని లేదు.

ఆ తరువాతి కాలం ఆ ఇంట్లో ఎలా గడిచిందో చెప్పాలంటే కుక్కల సంగతే చెప్పాలి, ఎందుకంటే మామా నేనూ ఒకరితో ఒకరం ఆ విషయం మాట్లాడుకోలేదు. చిట్టి మా ఆయన పాత జోడును నోట కరుచుకుని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళ ముందూ పెట్టేది. పాలవాడి ముందు, పోస్టుమాను ముందు, తూటాలకోసం వచ్చిన దొర ముందు. వాళ్ళు దాని తల నిమిరితే తృప్తిపడి, మళ్ళీ తీసుకుపోయి మంచం కింద పెట్టేది. గాలి అలా కాదు. వీధి గేటు దగ్గర, రోడ్డు కనిపించేలా పడుకుంది. వానకు లోపలికి లాక్కొస్తే వచ్చేది, వదిలితే మళ్ళీ అక్కడికే. నేను గిన్నె అక్కడికే తీసుకువెళ్ళి పెట్టేదాన్ని. నేను పక్కన ఉన్నంతసేపూ ముట్టేది కాదు.

మామ అక్క ఒకామె కోలారు నుంచి వచ్చింది. మంచి మనిషే, కానీ ఏ విషయమైనా ఒక పక్కకు తేలిపోవాలి ఆమెకు. వంటింటి గుమ్మంలో కూర్చుని, నాకు వినబడుతుందని తెలిసే అంది.

"ఎన్నాళ్ళప్పా ఇట్ల? పిల్లోడు లేడని అందరికీ తెలుసు. చేసేది చేసి ఆ పిల్లను పుట్టింటికి పంపించు. లేదంటే వస్తాడని నమ్మకంగా చెప్పు, దానికి ధైర్యమన్నా ఉంటుంది."

మామకు వినబడలేదేమోనని ఆమె కుడిపక్కకు జరిగింది.

"వినబడిందిలే అక్కా" అన్నాడు. "ఉండాడో లేడో నాకు తెలీదు. తెలీందాన్ని తెలిసినట్టు నేను చెప్పను. లేడని చెప్పను, వస్తాడనీ చెప్పను. అమ్మణ్ణి ఈ ఇంటి మనిషి. ఉంటానంటే ఉంటుంది, పోతానంటే నేనే తోడుపోయి దిగబెట్టి వస్తాను."

నేను ఉంటానన్నాను. మెడలో తాళి, నుదుట బొట్టు అలాగే ఉన్నాయి. వాటిని చూసి కొందరు జాలిపడేవాళ్ళు, కొందరు చూపు తిప్పుకునేవాళ్ళు. వస్తాడు అని మామ ఒక్కసారి అని ఉంటే బాగుండునని ఎన్నోసార్లు ఆయనమీద కోపం తెచ్చుకున్నాను. ఆయన అనలేదు.

అనడానికి బదులు నన్ను తన వెంట పనికి తీసుకువెళ్ళాడు. యుద్ధంతో దండు నిండా కొత్త దొరలు వచ్చారు, వాళ్ళతోపాటు కుక్కలూ వచ్చాయి. పొద్దున్నే చెరువుగట్టున నేను కూడా ఈల వేయడం నేర్చుకున్నాను. పిల్ల స్పానియల్ పిట్టను కొరక్కుండా మెత్తగా పట్టడం నేర్వాలని కోడిగుడ్డు పట్టించి తెప్పించేవాళ్ళం. ఏ కుక్కను గట్టిగా అదిలించవచ్చో, దేన్ని అదిలించకూడదో ఆయన పక్కన నిలబడి తెలుసుకున్నాను. "ముధోళ్ కుక్కను కొడితే అది జన్మలో మరిచిపోదు, దూరంగా పోతుంది. అది మేలే. స్పానియల్‌ను కొడితే తిరిగి నీ కాళ్ళ కాడికే వస్తుంది. అందుకే దాన్ని అసలు కొట్టకూడదు" అన్నాడొకసారి. అది కుక్కల గురించే చెప్పాడు. నేను మాత్రం నాకు తెలిసిన ఆడవాళ్ళందరినీ తలుచుకున్నాను.

యుద్ధం అయిపోయింది. ఖైదు నుంచి వదిలిపెట్టినవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళకు చేరుతున్నారని విన్నాం. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒకతను నిలబడ్డాడు. చొక్కా భుజాలమీద వేలాడుతోంది, వయసు చెప్పలేని ముఖం. చిట్టి జోడు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను దానివంక చూసి, వంగి తీసుకుని, రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

అతని పేరు మునెప్ప, ఆనేకల్లు దగ్గరివాడు, మా ఆయనతోపాటు ఖైదులో ఉన్నాడు. తమను ఏదో దీవికి పడవలో తీసుకుపోయారని, అక్కడ రోడ్డు వేయించారని, మొదటి వానలకే బాలకృష్ణకు జ్వరం తగిలిందని చెప్పాడు. మందు లేదు. మామ కుడిచెవి అతనివైపు పెట్టి, నేలను చూస్తూ విన్నాడు.

"వాడు పోయేటప్పుడు పక్కన ఎవరన్నా ఉండిరా?"

"నేనుంటినప్పా. తల నా ఒళ్ళోనే ఉండె."

"మాట్లాడినాడా?"

"లేదప్పా. తెలివి లేదు. కడపటి రెండు దినాలు ఏమీ మాట్లాడలేదు."

అతను అబద్ధం చెప్పి ఉండవచ్చు. మీ పేరు తలిచాడనో, భార్యను తలిచాడనో చెప్పి ఉండవచ్చు. అలా చెప్పనందుకు మామ అతని చేతిమీద చెయ్యి వేసి, "మేలు చేసినావప్పా" అన్నాడు. నావైపు తిరిగి, "అమ్మణ్ణీ, ఆయప్పకు అన్నం పెట్టు" అన్నాడు. పెట్టాను. మునెప్ప తింటూ ఏడ్చాడు. నా చేతులు వాటంతట అవే వడ్డిస్తున్నాయి.

అతన్ని సాగనంపి వచ్చేసరికి మామ గేటు దగ్గర నేలమీద కూర్చుని ఉన్నాడు, గాలికి కాస్త ఎడంగా. అది ఎప్పటిలాగే రోడ్డువైపు చూస్తోంది. నేను వెళ్ళి కుడిపక్కన కూర్చున్నాను.

"మనకు చెప్పేదానికి ఒక మనిషి వచ్చినాడు" అన్నాడు. "దీనికి ఎవరు చెప్తారు?"

అప్పుడు ఏడ్చాడు. నేను ఆయన ఏడవగా చూసింది ఆ ఒక్కసారే. ఇద్దరం అక్కడే, పట్టపగలు, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా ఏడ్చాం. గాలి తల తిప్పలేదు. ఆ ఏడు చలికాలంలో అది గేటు దగ్గరే చచ్చిపోయింది.

తాళి తీసే రోజున కోలారు అత్త వచ్చింది. ఆ తంతు అయ్యాక మామ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక ఏం చేయాలని ఉందని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. మందు లేక పోయాడు అన్న మాట నా చెవుల్లో ఉండిపోయింది. ఆసుపత్రి పని నేర్చుకుంటానన్నాను. అత్త తల బాదుకుంది, పరాయి మగవాళ్ళ పుండ్లు కడిగే పనా అని. "కడగనీలే అక్కా" అన్నాడు మామ. నర్సుల బడికి మొదటి రోజు తనే వచ్చి దిగబెట్టాడు.

దొరలు దేశం వదిలి వెళ్ళేటప్పుడు కుక్కలను కాల్చేయమని మామ దుకాణానికే తెచ్చారు. ఆయన కాల్చకుండా వాటికి ఇళ్ళు వెతికాడు. ఊరికే ఇచ్చేయలేదు. సెట్టర్‌ను అడిగినవాడికి తిరగడానికి తోట ఉందా అని, బీగిల్‌ను అడిగినవాడికి అది వాసన పట్టి తప్పిపోతే వెతికే ఓపిక ఉందా అని విచారించేవాడు. కొన్నింటికి ఎవరూ దొరకలేదు. ముసలివి, రోగంతో ఉన్నవి. వాటిని ఆయనే తుపాకీతో వెంట తీసుకుపోయేవాడు. అలాంటి రోజుల్లో ఇంటికి వచ్చి అన్నం తినేవాడు కాదు.

దొరలు వెళ్ళిపోయిన రెండు మూడేళ్ళకు ఆయనకు కడుపులో రాచపుండు పెరిగింది. మా ఆసుపత్రిలోనే చూపించాను. డాక్టరు నాకు చెప్పి, ముసలాయనకు చెప్పవద్దన్నాడు. నేను వెళ్ళి మంచం కుడిపక్కన కూర్చున్నాను. సాయంత్రపు ఎండ దుప్పటిమీద పడుతోంది.

"ఏమన్నాడు?" అన్నాడు.

గొంతు దాకా వేరే మాట వచ్చింది. మింగేశాను.

"ఇది తగ్గేది కాదు మామా. ఎక్కువ దినాలు లేవు. నొప్పి లేకుండా నేను చూసుకుంటాను."

ఆయన నా చెయ్యి తీసుకుని తన ఛాతీమీద పెట్టుకున్నాడు. "నీకు కష్టమైంది కదా చెప్పేదానికి" అన్నాడు. ఆయన నన్ను ఓదారుస్తున్నాడని గ్రహించడానికి నాకు కాసేపు పట్టింది. ఆ తరువాత ఆయన ఉన్న కొద్ది రోజులూ మేము దాపరికం లేకుండా మాట్లాడుకున్నాం. బాలకృష్ణ చిన్నతనం, నేను చూడని అత్తగారి వంటలు, మామ లేని ఇంట్లో నేను ఒంటరిగా ఎలా ఉండాలన్నది కూడా. ఆయన పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. తగ్గిపోతుంది కదమ్మా అని నన్ను అడిగినవాళ్ళు లెక్కలేనంతమంది. తెలియనప్పుడు తెలియదన్నాను. తెలిసినప్పుడు, తెలుసుకోవాలని అడిగినవాళ్ళకు, ఉన్నది చెప్పాను. కొందరు నన్ను తిట్టారు, రాతిగుండె అన్నారు. తిట్టేది అయిపోయేదాకా అక్కడే కూర్చునేదాన్ని. చెప్పి లేచిపోవడం నాకు రాదు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చావు జరిగితే నన్ను పిలుస్తారు. వెళ్ళి కూర్చుంటాను. అంతా దేవుడి దయ అనీ, కాలమే మరిపిస్తుందనీ అందరూ అంటుంటారు. నేనేమీ అనను. వాళ్ళు మాట్లాడితే వింటాను, లేకపోతే ఊరికే ఉంటాను. అందరూ వెళ్ళిపోయాక కూడా ఉంటాను.