వదినా మరదళ్ల వడపోత

నర్సింగ్ కాలేజీలో పుస్తకాలు అడిగేవాళ్లు తగ్గాక లైబ్రేరియన్‌కు కొత్త పని తగిలింది. మంచం పట్టిన రోగులను ఎంతసేపటికోసారి పక్కకు తిప్పితే వీపు మీద పుళ్లు పడవో, దాని మీద ప్రపంచంలో వచ్చిన పరిశోధనా వ్యాసాలన్నీ పోగేసి, పనికొచ్చేవి ఏరాలి. పని సవ్యంగా జరిగితే, వాటి సారమంతా తేల్చి అచ్చువేసే సమీక్షా వ్యాసంలో ఆమె పేరూ వేస్తానన్నారు పని అప్పజెప్పిన ప్రొఫెసర్. ఇన్నేళ్లూ ఇతరుల పేర్లున్న పుస్తకాలకు అట్టలు వేసిన మనిషి. ఆ సాయంత్రం పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

ఏరడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఒక్కో వ్యాసం సారాంశాన్ని తెర మీదికి తెస్తుంది. 'ఉంచు', 'తీసెయ్' అని రెండు మీటలు. ఇద్దరు మనుషులు విడివిడిగా నొక్కాలి. ఒకరు నొక్కింది రెండోవారికి కనపడనివ్వదు. చివర్లో తేడా వచ్చినవాటిని ఎర్రగా చూపిస్తే ప్రొఫెసర్ తేలుస్తారు.

రెండో మనిషి లైబ్రేరియన్ భర్త చెల్లెలు, వార్డులో నర్సు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బల్ల.

"ఇది పందుల మీద చేశారటే. తీసెయ్యనా?"

"నేనెప్పుడో తీసేశా వదినా."

సాఫ్ట్‌వేర్ కష్టపడి దాచిందంతా టీ కప్పుల మధ్య బయటపడిపోయేది.

ప్రొఫెసర్ తెరిచి చూస్తే ఒక్క ఎరుపూ లేదు.

"వదినా మరదళ్లకి ఒక్కదాంట్లోనూ తేడా రాలేదా? మా ఇంట్లో ఫ్యాన్ ఎంత స్పీడులో పెట్టాలో కూడా తేలదమ్మా."

అది మెప్పనుకుంది లైబ్రేరియన్. "అన్నీ మాట్లాడుకునే చేశాం సార్."

"మరి ఇద్దరెందుకు? ఒకరి పొరపాటు ఇంకొకరు పట్టుకోవాలనేగా. మళ్లీ మొదటినుంచీ విడివిడిగా చెయ్యండి. కుదరదంటే వేరేవాళ్లకిస్తా. పేర్లూ వాళ్లవే పడతాయి."

ఆ రోజు నుంచి వదిన వంటింట్లో, మరదలు హాల్లో. లైబ్రేరియన్ భర్తకు అనుమానం వచ్చింది.

"ఏంటి, ఇద్దరూ గొడవపడ్డారా?"

"పడాలనే చూస్తున్నాం" అంది భార్య.

ఈసారి ఎరుపులు బాగానే వచ్చాయి. వాటిలో ఒకటి, ఏదో చిన్న వృద్ధాశ్రమంలో చేసిన పరిశోధన. రోగులు మరీ తక్కువమందని లైబ్రేరియన్ తీసేసింది. నర్సు ఉంచింది.

"మొన్న నువ్వూ తీసేశావుగా?"

"నువ్వు తీసెయ్యమన్నావని. నాకు అప్పుడూ ఇష్టం లేదు వదినా. పెద్దదానివి కదాని ఊరుకున్నా."

ప్రొఫెసర్ వ్యాసం మొత్తం చదివి, రాత్రిళ్లు ఎవరిని ఎప్పుడు తిప్పారో ఇంత వివరంగా ఇంకెవరూ రాయలేదన్నారు. ఉంచేశారు.

"కొన్నిట్లో నా మాటా నెగ్గింది కదా సార్" అంది లైబ్రేరియన్, ముఖం కొంచెం ముడుచుకుని.

"నెగ్గింది. మీ పేర్లు ఎలా వెయ్యాలో రాసివ్వండి."

మరదలు పెన్ను అందించింది. వదిన తన ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టకుండా, పూర్తిగా రాసింది.