ఎలుకలకు హవా తినిపించిన మా తాత

గాలిని పుట్టించింది దేవుడే కావచ్చు గానీ, దాన్ని జనానికి తినిపించింది మాత్రం మా తాత సదాశివ. ఆబిడ్స్ సందులో మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఆయనతో బాగ్-ఏ-ఆం తోటదాకా నడవకుండా తప్పించుకోలేదు.

ఒకసారి వియ్యపురాలు బుజ్జమ్మ గౌలిగూడలో బస్సు దిగి, మూటలు మోసుకుంటూ వచ్చింది. ఇంకా గడప దాటలేదు.

"మొఖం గట్ల వాడిందేంది చెల్లె? పా, జర హవా తిని వద్దాం!"

"అన్నమే తినలే అన్నా!"

"అన్నం యాడికి పోతది?"

తిరిగొచ్చాక బుజ్జమ్మ మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. "గీయన గాలి తినిపిస్తడు, కాళ్ళకు నూనె నేను రాయాలె" అని మా నాయనమ్మ విద్యావతి గొణిగింది.

అందరికంటే ఎక్కువగా దొరికిపోయేవాడు పక్కింటి బాలకిషన్. పత్తి మిల్లులో పని. దగ్గుతూ ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగిపోయేవాడు.

"ఇడ్సిపెట్టు కాకా, పానం పోతున్నది."

"పానం కోసమే గదరా, నడువు!"

వాళ్ళ వెనక కాళ్ళీడ్చుకుంటూ నేను.

నాంపల్లిలో ఒక ప్రయోగశాలలో ఎలుకలను చూసుకోవడం తాత నౌకరి. మిల్లు దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయో అక్కడ డాక్టర్ తాతారావుగారు పరీక్షిస్తున్నారు. కొన్ని ఎలుకలను రోజంతా దుమ్ము చిమ్మే పెట్టెలోనూ, కొన్నిటిని మంచి గాలిలోనూ ఉంచి, తర్వాత అన్నిటి ఊపిరీ కొలుస్తారు. ఎనిమిదో క్లాసు రెండుసార్లు చదివాను కాబట్టి నాకీమాత్రం అర్థమైంది.

ఒక సాయంత్రం డాక్టరుగారు జిలేబీ పొట్లంతో మా ఇంటికే వచ్చారు.

"సదాశివా, గెలిచామయ్యా! దుమ్ము పెట్టెలో ఎలుకలు కూడా శుభ్రంగా ఊపిరి తీస్తున్నాయి. ఈ దుమ్ముతో ప్రమాదమేం లేదని రేపే మిల్లు వాళ్ళకి రాసి పంపేస్తాను."

పక్కింట్లో బాలకిషన్ దగ్గుతున్నాడు. తాత జిలేబీ ముట్టలేదు. గోడకు జారగిలబడి, ఊరంతా మోసి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

"రాయకున్రి సార్."

"అదేంటయ్యా?"

"మీరు ఖైరతాబాద్ పోయి అన్నం తిని, కునుకు తీసి వచ్చేదాక ఎలుకలను గంపల పెట్టుకొని బాగ్-ఏ-ఆం పోతుంటి. గా దుమ్ముల ఎట్లుంటయి సార్, పాపం? జర హవా తినిపించిన."

డాక్టరుగారి జిలేబీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచీ?"

"సురువు నుంచే."

"ఉద్యోగం ఊడుతుందని తెలుసా?"

"ఔ సార్."

"నోరు మూసుకొని ఉండరాదు?" అంది నాయనమ్మ తాతతో. "నౌకరి పోతే ఏం తింటం?"

'హవా' అందామనుకున్నాను గానీ, ఆమె చేతిలో గరిటె ఉంది.

డాక్టరుగారు మిల్లుకు ఆ మాట రాయనూ లేదు, తాత నౌకరి పీకనూ లేదు. కొత్త ఎలుకలను తెప్పించి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. తాతను వెనక గదిలో సీసాలు కడిగే పనికి తోశారు. ఈసారి పెట్టెలో ఎలుకలకు ఆయాసం వచ్చింది. అది విన్న రోజు తాత అన్నం తినలేదు. డాక్టరుగారు ఆ సంగతి రాసి పంపాక, కొన్నాళ్ళకు మిల్లువాళ్ళు బాలకిషన్‌ను దుమ్ములేని గేటు పనికి మార్చారు.

చాకలి సోడాతో పగిలిన తాత చేతులు చూసి ఉండబట్టలేక అడిగాను.

"తాతా, గా రోజు జిలేబీ తిని ఊకుంటే గిట్ల సీసాలు కడిగే బాధ ఉండకపోతుండె గదా?"

"కడిగేది నేను. నీకేం నొప్పిరా?"