జలపాతం వెనక సందు

రాయచోటిలో మా మసీదు పక్కన వీడియో గేముల అంగడి నడిపిన శెట్టిని తలచుకుంటే, ఆట మొరాయిస్తే గేము క్యాసెట్‌ను పెదాల దగ్గర పెట్టుకుని దాని సందులోకి ఊదడమే గుర్తొస్తుంది. నమాజు ముగిశాక, జబ్బు చేసిన బిడ్డల కోసం తల్లులు తెచ్చిన నీళ్ళ మీద, మసీదు ఇమాముగా నేను దువా చదివి ఊదేవాణ్ణి.

"మీరు బిడ్డల్ని బాగు చేస్తాండారు, నేను గేముల్ని బాగు చేస్తాండా హజరత్," అని నవ్వేవాడు.

ఒక ఆటలో బొమ్మ జలపాతం వెనక దాక్కునే సందును శెట్టి తమ్ముడు కనిపెట్టాడు; ఆ తమ్ముడు ఇప్పుడు లేడు. నిరుడు ఆ ఆటను మళ్ళీ విడుదల చేస్తూ "ఒక్క చుక్క కూడా మార్చలేదు" అని ప్రకటించారు. ఖురాన్‌ను చుక్క తప్పకుండా కంఠస్థం చేసినవాణ్ణి, ఆ మాట నేనూ నమ్మాను.

"మా తమ్ముడి సందు చూపిస్తా, రాండి," అని శెట్టి పిలిచాడు.

తెర మీద జలపాతం మెరిసిపోతోంది. ఆయన బొమ్మను దాని వెనక్కి నడిపించాడు. రాయి అడ్డొచ్చింది. మళ్ళీ నడిపించాడు. పాత తప్పులన్నీ సరిదిద్దామని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. చుక్క కూడా మారలేదని దేవుని మాట గురించి చెప్పాల్సిన మాటను అంగడి సరుకుకు వాడుకున్నారు.

"మా తమ్ముడు కనిపెట్టింది తప్పంట, హజరత్."

అలవాటుగా ఆయన చెయ్యి పెదాల దాకా లేచింది. ఆట ఇంటర్నెట్‌లో వచ్చింది, క్యాసెట్టే లేదు.

"ఊదుదామంటే దీనికి సందు యాడుండాది?" అన్నాడు.