అందరూ పట్టే అద్దం

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘంలో మైకూ ఫోటోలూ చూసుకునే కుర్రాడు, వరసకి మా చిన్నాన్న మునిమనవడు, నాతోపాటు ఇంటిదాకా నడిచి వచ్చాడు. కొత్త మందిరం గోడకి ఇంతవరకూ సేవ చేసిన పాస్టర్లందరి ఫోటోలూ పెడుతున్నారట, మా నాన్నది ఒక్కటే దొరకలేదట. పెట్టె అడుగునుంచి నేను తీసి ఇచ్చిన ఫోటోని వాడు ఫోనులోకి ఎక్కించుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి, "తాతయ్యా, చెయ్యి అడ్డమొచ్చిందే! ముఖం సగమే ఉంది. ఇంకోటి లేదా?" అన్నాడు. లేదన్నాను. "ఏం పర్లేదులే, చెయ్యి చెరిపేసి ముఖం పూర్తిచేసే యాప్ ఉంది, చక్కగా చేసేస్తా" అన్నాడు. వచ్చే ఆదివారం దాకా ఆగమని పంపించాను కానీ, ఆనాటినుంచీ ఈ ఖాళీ ఇంట్లో నాకూ ఆ ఫోటోకీ మధ్య మాటలు నడుస్తూనే ఉన్నాయి.

ఎనభైల్లో నేను సింగరాయకొండలో బడిపంతులుగా చేరి, ఒక అద్దెగదిలో ఒక్కణ్ణే వండుకుని తింటూ, శనివారం బడి వదలగానే రైలెక్కి గుంటూరులో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టుకుని ప్రత్తిపాడు దాటాక ఉండే మా పల్లెకి చేరేవాణ్ణి. ఇంట్లో నాన్న తప్ప ఎవరూ లేరు. అమ్మ నాకు ఊహ తెలియకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది, ఆమెకి ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ఎలా ఉండేదని అడిగితే పెద్దవాళ్ళు ఒకరు చామనఛాయ అనీ, ఒకరు ఎరుపనీ చెప్పేవారు. అమ్మ ముఖం ఎరగనివాడికి నాన్న ముఖం మీద ఎంత ఆశ ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

అలా తిరుగుతుండగా ఒక ఏడు నాన్న గొంతు మారింది. ముద్ద దిగేది కాదు. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే, డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, గొంతులోది మంచి పుండు కాదనీ, ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోమనీ అన్నారు. రాబోయే కోతపండుగలో వాక్యం చెప్పి ఇక సెలవు తీసుకుంటానని నాన్న సంఘంతో చెప్పేశారు. ప్రసంగపీఠం దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరి పేరూ ఎత్తి ప్రార్థన చేసేటప్పుడు ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చేది. దాన్ని ఎలాగైనా ఫోటోలో పట్టుకోవాలని నాకు ఆశ పుట్టింది.

కెమెరా ఉంది. మా ఊళ్ళో వైద్యం చేసిన నర్సు దొరసాని తన దేశం వెళ్ళిపోతూ నాన్న చేతిలో పెట్టిన పాత ఫిల్మ్ కెమెరా అది, ఇనుములా బరువు. దానికున్న లెన్సు మన కన్ను చూసినంతే చూసేది, అంతకన్నా దగ్గరా లేదు, వెడల్పూ లేదు. చిక్కంతా నాన్నతోనే. సేవకుడు కనపడకూడదు, ప్రభువు కనపడాలి అనేవారు. ఒంటరిగా ఫోటో దిగమంటే లేచి వెళ్ళిపోయేవారు. ఆరాధన మధ్యలో ఎవరైనా కెమెరాతో పీఠం దగ్గరకొస్తే ఆయనకి కోపం వచ్చేది. కాబట్టి వెనక గుమ్మం దగ్గర నిలబడి ఆయనకి తెలియకుండా తీయాలి, దానికి దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు కావాలి.

కొత్తవి కొనే శక్తి నాకెక్కడిది? గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమెట్ల కింద పాతవి అమ్మే స్టూడియో ఉండేది. యజమాని నవ్వుముఖం మనిషి. నేను పొడుగు లెన్సు అడగ్గానే, "పెళ్ళికానివాళ్ళంతా ఇదే అడుగుతారండి మాస్టారూ! ఏ మేడమీద పిల్లో చెప్పండి, ఎంత పొడుగుది కావాలో నేను చెబుతా" అన్నాడు. నేను సిగ్గుపడి పాస్టరుగారి అబ్బాయినండీ అంటే, "అయితే ఇంకా దూరం నుంచి చూడాలి" అని మరింత నవ్వాడు.

నా స్థోమతకి అందేవి రెండే ఉన్నాయి, రెండింటిలో ఒకటే కొనగలను. మొదటిది పొడుగుది. కెమెరాకి మర తిప్పి బిగించి వీధి అవతలికి చూశాను. దర్జీ కొట్లో ఒక ముసలాయన సూదిలో దారం ఎక్కిస్తూ నాలుక బయటపెట్టడం కూడా నా ముక్కు ముందే ఉన్నట్టు కనిపించింది. సంతోషం వేసింది, వెంటనే ఎందుకో దిగులు కూడా వేసింది, అంత దగ్గరున్న మనిషికి నేనున్నానని తెలియదు కదా. రెండోది పొట్టిది, ఎదురుగా ఉన్నదంతా ఒకేసారి పట్టే వెడల్పు లెన్సు. ట్యూబ్‌లైటుకి ఎదురు పెట్టి చూస్తే లోపల అంచున సాలెగూడు లాంటి కాస్త బూజు ఉంది, అందుకే చవక. ఎండలో ఆ బూజు ఫోటోలోకి రాదని చెప్పి యజమాని ఒక హెచ్చరిక కూడా చేశాడు. "మనుషుల్ని మాత్రం దీనికి మరీ దగ్గరగా రానివ్వకండి. ముందున్నది పెద్దదై, వెనకున్నది చిన్నదైపోద్ది. ముక్కు గుమ్మడికాయవుద్ది!" అన్నాడు. వారం ఆగమని చెప్పి ఇంటికెళ్ళాను.

నాన్న జావ చెంచాతో కొంచెం కొంచెం మింగుతున్నారు. రెండు లెన్సుల సంగతీ చెప్పాను, ఎందుకో మాత్రం చెప్పలేదు.

"ఆ పొడుగుదాంతో ఎవర్ని తీస్తావురా?"

నేను జావ కలపడం మొదలుపెట్టాను. ఆయనకి అర్థమైపోయింది.

"నా ముఖం ఎందుకురా, మట్టిలో కలిసేది. సంఘమంతా ఏనాడూ ఒక్క ఫోటోలో పడలేదు. సగంమంది కూలికే పోతిరి, ఇంకో సగం అద్దంలో పట్టకపోయిరి. అందరూ పట్టే అద్దం కొను."

ఆ మాట నిజమే. మందిరం ముందు సన్నని సందు, సందుకి అవతల ఆసామి మిరప కల్లం. వెనక్కి జరిగితే ఎండుతున్న కాయ మీద కాలు పడుతుంది, పడితే ఆసామి ఊరుకోడు. మామూలు లెన్సులో మందిరం తలుపూ నలుగురు మనుషులూ తప్ప పట్టేవారు కాదు. నాన్న మాట తీసెయ్యలేక, మనసు పొడుగుదాని దగ్గరే వదిలేసి, వెడల్పుది కొనుక్కొచ్చాను.

కోతపండుగ మీకు తెలుసు కదా. మొదటి పత్తి ఒళ్ళో పోసుకుని ఒకరు, మిరపకాయల గంప నెత్తిన పెట్టుకుని ఒకరు, గుమ్మడికాయ, కోడిపుంజు, చీపురుకట్ట, ఎవరికున్నది వాళ్ళు పీఠం ముందు పెట్టారు. ఆ మిరప ఘాటుకి పాటకి ఒకరు తుమ్మితే ప్రార్థనకి ఇద్దరు తుమ్మారు. నాన్న ఆగి ఆగి, గొంతు పెగుల్చుకుని వాక్యం చెప్పారు. వెనక గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ వెలుగు ముఖంలోకి వచ్చింది. నా చేతిలో ఉన్న అద్దంలోంచి చూస్తే ఆయన మిరపగింజంత.

ఆరాధన అయ్యాక అందర్నీ మందిరం ముందు నిలబెట్టాను. నాన్న ఎప్పుడూ మధ్యలో నిలబడరు కదా, ముందువరస చివర, ముసలివాళ్ళ పక్కన నిలబడ్డారు. నేను కల్లం గట్టుమీద ఒంటికాలితో నిలబడి కన్ను ఆనించాను. ఒక్కరు కూడా మిగలకుండా అందరూ పట్టారు. సరిగ్గా అప్పుడే నాన్న అన్నారు, "నువ్వూ రారా. నువ్వు లేకపోతే అందరూ ఎట్లా అవుతారు?"

"నేనొస్తే తీసేదెవరు నాన్నా?" అన్నాను. అందరూ నవ్వారు. "పెళ్ళాన్ని తెచ్చుకుంటే అది తీసేది కదరా, ఒంటికాయ సొంఠికొమ్మూ!" అని మా పెద్దమ్మ అరిచింది. నవ్వు ఇంకా ఎక్కువైంది. నాన్న మాత్రం నవ్వకుండా ఒక అడుగు ముందుకేసి నా వైపు చెయ్యి చాపారు. అప్పటికే నా వేలు నొక్కేసింది.

ఇంకొకటి తీద్దామనుకునేలోగా, అయిపోయిందనుకుని అందరూ ప్రేమవిందు ఆకుల దగ్గరికి పరిగెత్తారు.

బ్రాడీపేటలో కడిగించిన ఫోటోని కొట్లోనే వెలుగుకి పెట్టి చూశాను. పల్లె అంతా స్పష్టంగా ఉంది. కోడిపుంజు కూడా ఉంది. నాన్న దగ్గరికొచ్చేసరికి, లెన్సు తన గుణం చూపించింది. నా వైపు చాపిన చెయ్యి పెద్దదైపోయి, దాని వెనక సగం ముఖం చిన్నదిగా మిగిలింది. యజమాని కూడా ఈసారి నవ్వలేదు. నాన్నకి చూపిస్తే, ఫోటోలో ఒక్కొక్కరి మీదా వేలుపెట్టి పేర్లు చెప్పుకుంటూ పోయి, తన దగ్గరికొచ్చేసరికి దాటేసి, "అందరూ పడ్డారు, నువ్వే లేవు" అన్నారు.

తర్వాతి పత్తి పగలకముందే ఆయన వెళ్ళిపోయారు. శవపెట్టె చుట్టూ నిలబడి తీయించుకునే ఫోటో మనవాళ్ళలో అలవాటే కాబట్టి, అదొకటి ఉంది. కళ్ళు మూసిన ఆ ముఖాన్ని గోడకి పెట్టమని నేనివ్వలేను. ఆ పొడుగు లెన్సు మరుసటేడు కొనుక్కున్నాను. దాంతో చెరువుమీది కొంగల్నీ, రైలు కిటికీల్లో మనుషుల్నీ, ఎవరికీ తెలియకుండా చాలా ఏళ్ళు చూశాను. పెద్దమ్మ తిట్టినట్టే ఒంటికాయ సొంఠికొమ్ముగానే ఉండిపోయాను.

ఇప్పుడు ఒక్క ఫోనులోనే దూరమూ దగ్గరా వెడల్పూ అన్నీ ఉన్నాయి. తీసేవాడు కూడా ఫోను తనవైపు తిప్పుకుని ఫోటోలో పడతాడు, ఎవరూ బయట మిగలరు. మంచిదే. కానీ బయట మిగిలినవాణ్ణి చూసి, నువ్వు లేకపోతే అందరూ ఎట్లా అవుతారని పిలిచే అవసరం కూడా లేకుండా పోయింది. ఆదివారం నేను వెనక బల్ల చివర కూర్చుంటాను. తల పంకించి పలకరిస్తారు, ప్రేమగలవాళ్ళే, వెళ్ళిపోతారు.

వచ్చే ఆదివారం ఆ కుర్రాడితో చెబుతాను, ఉన్నది ఉన్నట్టు పెట్టండి, లేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలెయ్యండి అని. ముఖందేముంది, ఏ యాప్ అయినా గీసి ఇస్తుంది. నా కోసం చాపిన చెయ్యి ఈ లోకంలో నాకు అదొక్కటే.