చరిత్ర వింటేగానీ ట్రంపెట్ ఇవ్వడు

మా మామయ్యకి ఒకే ఒక్క జబ్బు. రిపేరుకని ఆయన చేతికి ట్రంపెట్ ఇచ్చినవాళ్లు దాని చరిత్ర మొదటినుంచి చివరిదాకా వినాల్సిందే. వినకపోతే ట్రంపెట్ తిరిగి రాదు. పంతొమ్మిదేళ్లుగా ఆ షాపు కౌంటర్ దగ్గర కూర్చుని నేనూ వింటున్నాను. విని విని ప్రాణం విసిగిపోయింది.

కథ ఎప్పుడూ జంతువు కొమ్ముతోనే మొదలవుతుంది. కొమ్ము తర్వాత శంఖం, ఆ తర్వాత ఏదో రాజుగారి సమాధిలో దొరికిన వెండి బాకా, ఆపైన యుద్ధాలు. నిటారు గొట్టాన్ని మడత పెట్టేసరికి నాకు టీ వేళవుతుంది. మూడు వాల్వులు వచ్చేసరికి భోజనం చల్లారిపోతుంది. మధ్యలో ఎవరైనా వాచీ చూసుకున్నారో, అయిపోయామన్నమాటే! మళ్లీ కొమ్ము దగ్గరికి వెళ్లాల్సిందే.

ఒకసారి స్కూలు సంగీతం టీచరు పరుగున వచ్చింది. "మాస్టారూ, రెండో వాల్వు పట్టేసింది. చుక్క నూనె వేస్తే చాలు. పిల్లలు ఎదురుచూస్తున్నారు."

"చుక్కేనమ్మా. అసలు వాల్వులు లేని రోజుల్లో ఏం చేసేవారో తెలుసా?"

"తెలుసండీ."

అనకూడని మాట అనేసింది. "అయితే చెప్పండి" అని మామయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాపం, ఎక్కడో తడబడింది. "శ్రుతి మారినప్పుడల్లా వేరే గొట్టం ముక్క తగిలించేవారు తల్లీ! ఇప్పుడు వాల్వు నొక్కితే గాలి చుట్టుదారి పడుతుంది. దారి పెరిగితే స్వరం దిగుతుంది." ఆవిడ వెళ్లేసరికి స్కూలు వదిలేశారు.

మా అత్తయ్య ఎప్పుడో చేతులెత్తేసింది. "పెళ్లైన కొత్తలో నా పెదాలకేసి అదేపనిగా చూస్తుంటే మురిసిపోయానే. వారం పోయాక, ఈ పెదాలతో ట్రంపెట్ ఊదితే పై స్వరాలు బాగా పలుకుతాయి అన్నాడు" అంటుంది.

మొన్నామధ్య నగర బ్యాండులో మొదటి కుర్చీలో, అంటే ముఖ్య ట్రంపెట్ వాయించేవాళ్ల కుర్చీలో, కూర్చునే పెద్దాయన వచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ కుర్చీ ఆయనదే. "పై స్వరం పలకట్లేదు మాస్టారూ. ఎక్కడో గాలి పోతోంది. నెలలో పరీక్ష పెడతాడట బ్యాండుమాస్టరు. పై స్వరం రానివాళ్లు ఇంటికే."

మామయ్య ట్రంపెట్‌ని ఒక్కసారి చూశాడు. ఆయన మొహంకేసి మాత్రం చాలాసేపు చూశాడు. "మూడు వారాలకి పైనే పడుతుంది."

"అమ్మో! మరి సాధన? సరే, ఇంట్లో పాతది ఇంకోటుంది, దాంతో కానిస్తా."

"అదీ పట్రండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి."

రెండూ తన దగ్గరే పెట్టేసుకున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. అంతటితో ఆగాడా? రోజూ పొద్దున్నే వచ్చి రిపేరు దగ్గరుండి చూసుకోమన్నాడు. ఆయన వచ్చేవాడు, పెదవి తడుముకుంటూ మధ్యాహ్నందాకా చరిత్ర వినేవాడు. మామయ్య పనిముట్టు ముట్టుకోవడం మాత్రం నేను చూడలేదు.

మూడో వారంలో బ్యాండుమాస్టరే షాపు మీదికి వచ్చాడు. "పాడైంది ట్రంపెట్టా, ఆయనా? ఆయన పనైపోతే చెప్పండి, పరీక్షదాకా ఎందుకు, ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతా."

మామయ్య తల దించుకున్నాడు. "తప్పు నాదేనండి. వాల్వు చెయ్యి జారింది. సొట్ట పోవట్లేదు."

"ఇంత చేతకానివాళ్లు షాపులెందుకు పెడతారో!" అంటూ ఆయన విసురుగా వెళ్లిపోయాడు.

మామయ్య చేతిలోంచి వాల్వు జారడం నేనెన్నడూ చూడలేదు. వయసు మీద పడిందేమో అని దిగులుపడుతూ పెట్టె తెరిచాను. మూడు వాల్వులూ తీసి చూశాను. ఎక్కడా సొట్ట లేదు.

"ఏంటి మామయ్యా ఇది?"

"ట్రంపెట్‌కి ఏ రోగమూ లేదే అమ్మడూ. వాచింది ఆయన పెదవి. స్వరం పుట్టేది గొట్టంలో కాదు, వణికే పెదాల్లో. పై స్వరం రావట్లేదని ఇంకా నొక్కి ఊదుతున్నాడు, అది ఇంకా వాస్తోంది. విశ్రాంతి తప్ప మందు లేదు."

"ఆ మాటే ఆయనతో చెప్పొచ్చుగా?"

"పోయినేడు ఒకాయనకి చెప్పా. నా పెదవికే వంక పెడతావా అని మరింత ఊదాడు. ఇప్పుడు అసలు ఊదట్లేదు. పైగా పెదవి పోయిందని తెలిస్తే కుర్చీ పోతుంది. ట్రంపెట్ పాడైందంటే తిట్లు నాకే కదా."

"మరి రోజూ ఆ చరిత్ర?"

"ఇంటి దగ్గరుంటే ఎవరిదో అడిగి తెచ్చుకుని ఊదడూ? ఇక్కడైతే నోరు మూసుకుని వింటాడు."

"అందరికీ అందుకే చెప్తావా?"

"అందరికీ ఎందుకే? మిగతావాళ్లకి నా సరదా కొద్దీ చెప్తా."

ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు సిగ్గేసింది. అయితే సగమే.

పరీక్షకి నాలుగు రోజుల ముందు రెండు ట్రంపెట్లూ ఇచ్చేశాడు. "రోజూ పావుగంటే వాయించండి. అంతకుమించితే వాల్వులు మళ్లీ పట్టేస్తాయి" అని ఇంకో అబద్ధం కూడా చెప్పాడు.

పరీక్ష అయిన మర్నాడు పెద్దాయన వచ్చాడు. పై స్వరం పలికిందట, కుర్చీ నిలిచిందట. సంతోషం చెప్పుకోవడానికి వచ్చాడనుకుంటే మామయ్య మీద విరుచుకుపడ్డాడు. "నా ప్రాణాలు తోడేశారు కదండీ! ఆ మూడు వారాలూ సాధన చేసుంటే ఇంకెంత బాగా వాయించేవాణ్ణి! మళ్లీ మీ గడప తొక్కితే ఒట్టు!"

నేను నోరు తెరవబోయాను. కౌంటర్ కింద మామయ్య నా కాలు తొక్కాడు. తిట్లన్నీ చేతులు కట్టుకుని విన్నాడు. పెద్దాయన తలుపు దభాలున వేసుకుని వెళ్లిపోయాక నావైపు తిరిగాడు.

"పది నిమిషాలు ఆపకుండా తిట్టాడే అమ్మడూ, ఒక్కసారి కూడా పెదవి తడుముకోలేదు. వాపు పూర్తిగా తగ్గిపోయింది!"