చివర లేని తాడు

హుకుంపేట కొండల్లో పోడు కొట్టి సామలు పండించుకునే బుధు ఎన్నడూ మాట తప్పలేదు. వాళ్ల ఊళ్లో మాటంటే తాడే. పెళ్లికి పిలిచినా, పనికి పెట్టుకున్నా, గడువెన్ని రోజులో అన్ని ముడులు వేసి తాడు చేతికిస్తారు. పొద్దుకో ముడి విప్పాలి. ముడులుండగా తాడు పారేసినవాడు కొండదేవతకు దోషి. గడువు మార్చే హక్కు తాడిచ్చినవాడిదే.

పందొమ్మిది వందల ఇరవైల తొలినాళ్లలో బుధును ఘాటీ రోడ్డు వెట్టికి పట్టుకుపోయారు. ఏ చట్టం కింద అన్నది ఎవరూ చెప్పలేదు. అతడు అడిగింది గడువొక్కటే.

“ఎన్ని ముడులు బాబూ?”

పని చూసే గుమాస్తా వరహాలరావు కాలేజీలో లెక్కలు చదివినవాడు. నవ్వాడు.

“రోడ్డు అయ్యేదాకారా. వానకి కొట్టుకుపోతే మళ్లీ మొదలు. దాన్ని అనంతం అంటారు.” బుధు చేతిలోని ముడుల తాడు లాక్కుని రెండు కొసలూ కలిపి బిగించాడు. “విప్పిన ముడి మళ్లీ వేసుకుంటూ తిరుగు.”

అతడికది పరిహాసం. బుధుకు మాట. రెండు చేతులా తాడు అందుకున్నాడు, అక్కడే చిక్కుకున్నాడు.

రోజూ ఒక ముడి విప్పేవాడు, వేసేవాడు. పోడులో తుప్పలు లేచాయి. విత్తే అదను దాటిపోతోందని భార్య కనక కొండ దిగి వచ్చింది.

“ఇదేటి, పలుపులాగుంది?”

“అనంతమట. పెద్ద లెక్కంట.”

“లెక్కయితే ముడులన్నీ ఏసి సూపమను! ఇంకోటి, ఇంకోటి అంటే అది లెక్కేటి?”

పక్కనే వింటున్న వరహాలరావుకు రోషం వచ్చింది. “పండితులే ఒప్పుకున్నారే! అంకెలకి అంతులేదు. అయినా అన్నిటినీ కలిపి ఒక్కటిగా తలుచుకోవచ్చు.”

“తలుసుకోండి బాబూ. రోడ్డు కూడా తలపులోనే ఏసుకోండి. నా మొగుణ్ణి ఒగ్గీండి.”

కూలీలు పగలబడి నవ్వారు. గణితంలో అనంతానికి చోటుందా లేదా అన్నది పండితుల వ్యాజ్యం. వాళ్లు ఎన్నేళ్లయినా వాదించుకోవచ్చు. ఏనాటికైనా చచ్చే మనిషి మీద దాన్ని గడువుగా విధించే అధికారం మాత్రం ఏ పండితుడికీ లేదు.

“ఆ తాడు పారీ!” అంది కనక మొగుడితో.

“బాబే బిగించినాడు. ఆయనే ఇప్పాల.”

ఆమె తాడు తీసుకుని గుమాస్తా ముందుకు చాచింది. ఆ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్న వరహాలరావు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కనక ఒంటరిగా విత్తడానికి కొండెక్కింది.

మరుసటి వేసవిలో వరహాలరావుకు మైదానానికి బదిలీ అయింది. బండి కదులుతుంటే బుధు గునపం విసిరేసి వెంట పరుగెత్తాడు.

“ముడి బాబూ! ముడిప్పేసి ఎల్లండి!”

వరహాలరావు తల బయటికి పెట్టి చూశాడు.

“ఏ ముడిరా?”